గాలి చొరని గది

పైడితల్లి అల్లుడితో మాట్లాడదు. కోపం ఉండి కాదు, పద్ధతి. కళింగపట్నం పక్కన ఆవిడ ఊళ్ళో అత్తగారు అల్లుడి ఎదటపడి నోరు విప్పడం ఎవరూ చూసి ఎరగరు. తలుపు చాటున నిలబడి గోడకో, పిల్లకో, ఎవరూ దొరక్కపోతే పిల్లికో చెబుతుంది. వినవలసినవాడు ఎలాగూ వింటాడు. చిన్నమ్మి పెళ్ళయి ఏడేళ్ళయింది. ఏడేళ్ళూ ఈ రాయబారాలతోనే గడిచిపోయాయి, ఎవరికీ ఏ లోటూ రాలేదు.

అల్లుడు భీమారావు కొరాపుట్ కొండల మీద కొత్తగా వెలిసిన ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఫ్యాక్టరీ చుట్టూ టౌన్‌షిప్ వెలిసింది. వరసగా తెల్ల క్వార్టర్లు, పైన కాంక్రీటు శ్లాబులు, గోడలకి అద్దాల కిటికీలు. రెండో కాన్పు టౌన్‌షిప్ ఆస్పత్రిలోనే కావాలని అతను పట్టుబట్టాడు. అందుకని కూతురు పుట్టింటికి వెళ్ళే బదులు పుట్టిల్లే మూటాముల్లే కట్టుకుని, సాలూరు ఘాటీ ఎక్కి, కూతురి దగ్గరికి వచ్చింది. కొండ మీద సుంకి ఊరు దాటాక మబ్బు దిగొచ్చి, బస్సు కిటికీలోంచి దూరి పైడితల్లి ఒళ్ళో కూర్చుంది. ఈ ఊరు బాలింతలకి పనికొచ్చే ఊరు కాదని ఆవిడకి అక్కడే అర్థమైపోయింది.

బాలింతల సంగతి పైడితల్లికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు చెప్పండి. ముప్పై ఏళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో పురుళ్ళు పోసిన చెయ్యి అది. కాయం మందు నూరడం, వాము పొగ వెయ్యడం, చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ బిగించడం, మంచం కింద కుంపటి పెట్టి నడుం కాచడం, ఇవన్నీ ఒక ఎత్తు. గాలి తగలనివ్వకపోవడం ఒక్కటీ ఒక ఎత్తు. గాలి సోకితే బాలింత దక్కదు.

ఈ మాట ఆవిడ ఊరికే అనదు. పన్నెండేళ్ళ కిందట తుపాను మూడు రోజులపాటు ఊరిని పట్టి ఊపేసినప్పుడు పెద్దకూతురు పెద్దమ్మి ఎనిమిదో రోజు బాలింత. చూరు సందుల్లో గడ్డి కుక్కి, తలుపులకి గోనెలు కట్టి, కుంపటి రాజేసి కూతుర్ని కాచుకుంది పైడితల్లి. మూడో రోజు మధ్యాహ్నం నీళ్ళ కోసం ఒక్కసారి తలుపు తీసింది. గాలి రివ్వున లోపలికి కొట్టింది. బిందెతో తిరిగొచ్చి తలుపు మూసి చూసేసరికి పెద్దమ్మీ, పక్కలో పసిదీ నిద్రపోతున్నారు. ఆ నిద్రలోంచి ఇద్దరూ లేవలేదు. తలుపు తీసింది తనే. గాలిని రానిచ్చింది తనే. ఆ సంగతి తలుచుకోకుండా తెల్లారిన రోజు పన్నెండేళ్ళలో ఒక్కటి లేదు. ఇక మిగిలింది చిన్నమ్మి. ఈ ఒక్కదాన్నీ గాలికి ఇచ్చేది లేదని ఆవిడ ఒట్టు పెట్టుకుంది.

చిన్నమ్మికి మగపిల్లాడు పుట్టాడు. వాడికి పది రోజులు నిండేసరికి యుద్ధం వచ్చింది.

యుద్ధమంటే ఆ కొండల మీదికేం రాలేదు లెండి. అదెక్కడో తూర్పున జరుగుతోంది, ఇక్కడ రేడియోలో వినిపిస్తోంది. కానీ ఫ్యాక్టరీ ఉన్న ఊరు కదా, ఏ రోజు ఏ విమానం వచ్చి పడుతుందోనని పైవాళ్ళు హడావిడి పెట్టారు. భీమారావుని వాళ్ళ లైనుకి వార్డెన్ చేశారు. మెడలో ఈల, చేతికి పట్టీ, గుమ్మం పక్కన రెండు ఇసక బాల్చీలు, గోడకి ఎర్ర గుర్తు వేసిన రేకు పెట్టె. పెట్టెలో దూది, టించరు, కట్టుబట్టలు, కత్తెర. ఇంట్లో ఒక మేకు కొట్టమంటే వారం పట్టే మనిషి, రెండు రోజుల్లో లైను పొడుగునా కందకం తవ్వించేశాడు.

సాయంత్రాలు ఆడవాళ్ళని కూడేసి పాఠం చెప్పేవాడు. కాలితే చన్నీళ్ళు పొయ్యాలి, సిరా పుయ్యకూడదు. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టాలి. మనిషి తెలివి తప్పి పడిపోతే చుట్టూ మూగకూడదు, ముందు గాలిలోకి తేవాలి, ఊపిరి ఆడుతోందో లేదో చూడాలి, ఆడకపోతే నోట్లో నోరు పెట్టి ఊదాలి. తెలివి తప్పిన మనిషి వేషం ఆరేళ్ళ కూతురు రామలక్ష్మిది. ఆ పిల్లకి ఆ వేషం ఎంత నచ్చిందంటే, పాఠం అయిపోయినా లేచేది కాదు. బెల్లం ముక్క చూపిస్తేగానీ తెలివి వచ్చేది కాదు.

"సెప్పే గుంటా మీ నానకి" అనేది పైడితల్లి తలుపు చాటు నుంచి. "గాలిలోకి తెస్తే బతుకుతారేటి? మా కాడ గాలి తగిలే సస్తారు."

"మీ అమ్మమ్మకి సెప్పమ్మా" అనేవాడు భీమారావు కందకం వైపు చూస్తూ. "గాలి లేకపోతే ఎవులూ బతకరని."

మధ్యలో రామలక్ష్మి ఇటో మాటు అటో మాటు తల తిప్పేది. పక్క క్వార్టరు బుల్లమ్మ కడుపు పట్టుకుని నవ్వేది.

అత్తా అల్లుడూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. అది కిటికీల విషయం. లోపలి వెలుతురు బయటికి పోకూడదని అల్లుడి పట్టు. బయటి గాలి లోపలికి రాకూడదని అత్తగారి పట్టు. ఇద్దరికీ కావలసిన పని ఒకటే అయింది. ఆవిడ మైదా జిగురు ఉడికించింది, అతను నల్ల కాగితం అతికించాడు. అద్దాలకి రెండేసి పొరలు, రెక్కల సందులకి పాత పేపరు పీలికలు, పైన వెంటిలేటరుకి అట్టముక్క. బయట నిలబడి, సూదిమొన పాటి వెలుగైనా కనిపించడం లేదని అతను మురిసిపోయాడు. లోపల నిలబడి సందు సందుకీ అరచెయ్యి ఆనించి చూసి, గాలి పోగు కూడా తగలడం లేదని ఆవిడ మురిసిపోయింది.

"ఇంత సక్కగా పని సేసినోడు మా ఊళ్ళో లేడే అమ్మీ" అంది కూతురితో. అల్లుడి గురించి ఆవిడ నోట ఒక మంచి మాట రావడం అదే మొదలు. గోడ అవతల భీమారావు విన్నాడు, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

చీకటి పడ్డాక నిప్పు కనబడకూడదని ఇంకో ఆర్డరు వచ్చింది. రాత్రి కుంపటి లేకపోతే బాలింత ఏం కావాలి? రాత్రి తక్కువైన వేడి పగలే పెట్టెయ్యాలని పైడితల్లి లెక్క. ఒక కుంపటి రెండయ్యాయి. ఒకటి మంచం కింద, ఒకటి పసివాడి పక్కన. కొండ మీంచి దేశియా జాతి ఆడవాళ్ళు బుట్టల్లో తెచ్చే బొగ్గులు బాగా గట్టివి, పొగ లేకుండా గంటల తరబడి ఎర్రగా నిలిచేవి. మూడు నాలుగు రోజుల నుంచీ గదిలో కూర్చుంటే తల దిమ్ముగా ఉంటోంది, చిన్నమ్మికి కూడా కణతలు లాగుతున్నాయి. ఈ కొండ నీళ్ళు పడలేదని పైడితల్లి ఇంకో చిటికెడు శొంఠి కలిపింది.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. మబ్బు లైనులోకి దిగి ఎదటి క్వార్టర్లని తుడిచేసింది. మనుషులు గొంతులుగా వచ్చి గొంతులుగానే వెళ్ళిపోతున్నారు. మధ్యాహ్నం మూడింటికి డ్రిల్లు ఉందని, సైరను మోగగానే అందరూ కందకంలోకి రావాలని భీమారావు పొద్దుటే ఇంటింటికీ చెప్పి వెళ్ళాడు. తన ఇంటికి మాత్రం చెప్పలేదు. బాలింతని కందకంలోకి రమ్మంటే అత్తగారు ఏ పిల్లితో ఏమని చెబుతుందో అతనికి తెలుసు. ఏ డ్రిల్లులోనూ అతను తన గుమ్మం వైపు చూడడు. లైనంతటికీ పెద్ద అయిన మనిషి ఆ ఒక్క తలుపుకి మాత్రం భయపడ్డాడు.

లోపల గది మిట్టమధ్యాహ్నమే చీకటి. రెండు కుంపట్లూ రెండు ఎర్రటి కళ్ళలా మెరుస్తున్నాయి. వాము వాసన, కాయం వాసన, పసివాడి పాల వాసన కలిసి గాలి గోరువెచ్చగా, బరువుగా ఉంది. మంచం మీద చిన్నమ్మి పడుకుంది, మంచం పక్కన కింద చాపలో పసివాడు. వాడికింకా పేరు పెట్టలేదు. బడికి సెలవిచ్చారని రామలక్ష్మి వచ్చి అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టింది. పైడితల్లి వంటింటి వైపు తలుపుకి వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. పొద్దుటినుంచీ వేణ్ణీళ్ళకీ కషాయానికీ వంటింటికీ గదికీ తిరిగి తిరిగి ఇప్పుడే కూర్చుంది.

"సముద్రం కత సెప్పే అమ్మమ్మా" అంది రామలక్ష్మి.

"సముద్రానికి కతేటే. అలా ఉంటాది. వస్తాది, ఎలిపోతాది."

"రాత్రేల పడుకోదా?"

"పడుకోదు. దానికి నిదరుండదు."

"మరి పగలు?" అని అడిగి, జవాబు వినకుండానే పిల్ల కళ్ళు మూసింది.

పైడితల్లికి ఇంకా ఏదో చెప్పాలని ఉంది. మాట నాలిక దాకా వచ్చి అక్కడ కూర్చుండిపోయింది. పోనీలే అనుకుంది. కుంపట్లో నిప్పులు మెల్లగా వెడల్పయ్యాయి. ఆ ఎరుపులో ఇసక కనిపించింది, తడి ఇసక, సాయంత్రం ఎండ పడ్డ ఇసక. దాని మీద వలలు ఆరేసి ఉన్నాయి. ఎవరో నీళ్ళలోంచి నడిచి వస్తున్నారు, నడుం మీద బిందె ఉంది, జడ తడిసి ఉంది. దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మి. అదే రవిక, అదే ముక్కుపుడక. పన్నెండేళ్ళకి ఒక్క రోజు కూడా పెద్దదవలేదు.

"ఇంతకాలం ఏటయిపోయేవే" అని అడిగింది పైడితల్లి.

పెద్దమ్మి నవ్వింది. బిందె దింపి పక్కన కూర్చుంది. అలలు వచ్చి కాళ్ళ కిందనుంచి ఇసకని లాక్కుపోతున్నాయి, మంచం, చాప, కుంపట్లు అన్నీ నీళ్ళ మీద తేలుతున్నాయి, ఎవరికీ తొందర లేదు. దూరంగా పడవ మీద ఎవరో శంఖం ఊదారు. అది ఆగకుండా, ఎత్తుగా, పల్లంగా, మళ్ళీ ఎత్తుగా మోగుతూనే ఉంది. ఎంత ఊపిరో ఆ ఊదేవాడికి అనుకుంది. ఒళ్ళు దూదిలా ఉంది, నడుం నొప్పి లేదు, మోకాళ్ళు లేవు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడైనా ఇంత హాయిగా కూర్చుందా? ఇలాగే ఉండిపోతే బాగుండుననిపించింది. నిజంగా అనిపించింది, అందులో దాచడానికేమీ లేదు.

అప్పుడు కడుపులో తిప్పింది.

బాలింత గదిలో వాంతి చేసుకోకూడదు. మైల సంగతి అలా ఉంచి, పసివాడున్న చోటది. పైడితల్లి ఊళ్ళో ఏ మంత్రసానిని అడిగినా ఆ మాటే చెబుతుంది. అది ఎంత లోపల నాటుకుపోయిన అలవాటంటే, బుర్ర నిద్రపోతున్నా కాళ్ళు లేచాయి. ఒళ్ళో పిల్ల తల కిందికి జారింది. గోడ పట్టుకుని తలుపు తీసి, అవతలికి వెళ్ళి, వెనక్కి తిరిగి గాలి చొరకుండా తలుపు మళ్ళీ మూసి, వంటింట్లోంచి పెరట్లోకి పడింది. నీలగిరి చెట్టు మొదట్లో కడుపులో ఉన్నదంతా కక్కింది.

ముసురు మొహాన కొట్టింది. సముద్రం లేదు. శంఖమూ లేదు, అది సైరను. లైనంతా కందకంలోకి పరిగెడుతున్న అడుగుల చప్పుడు, ఎవరివో నవ్వులు, మధ్యలో భీమారావు ఈల. తల బద్దలైపోతోంది. చెట్టుకి చేరబడి నాలుగు ఊపిర్లు తీసేసరికి కళ్ళ ముందు కొంచెం తేటపడింది. పాచి మజ్జిగేదో తాగి ఉంటానని తనని తనే తిట్టుకుంటూ మొహం కడుక్కుని లోపలికి వెళ్ళింది.

"ఒలే అమ్మీ, లెగు. పాలివ్వాల."

చిన్నమ్మి పలకలేదు. మొహం మీద వంగి చూసింది. బుగ్గలు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. బాలింతకి కళ వచ్చిందని ఇంకో రోజైతే పొంగిపోయేది. భుజం పట్టి కుదిపింది. తల ఒక పక్కకి వాలింది.

పెద్దమ్మి కూడా ఇలాగే ఉంది. బుగ్గలు ఇలాగే ఎర్రగా ఉన్నాయి. మళ్ళీ తలుపు తీశాను అనుకుంది పైడితల్లి. మళ్ళీ నేనే తీశాను, మళ్ళీ గాలిని పంపాను. పరిగెత్తి తలుపు మూసేసింది. మూసి, గడియ పెట్టి, కుంపట్లో ఇంకో చేరెడు బొగ్గులు వెయ్యడానికి వంగింది. గాలి సోకితే వేడి పెంచాలి, అదే కదా మందు.

వంగినది లేవలేకపోయింది. చెవుల్లో ఝుమ్మని అల పొంగింది. ఇసక, వలలు, బిందె, అన్నీ మళ్ళీ వస్తున్నాయి. రామ్మా అని పెద్దమ్మి చెయ్యి చాపుతోంది. పైడితల్లి నేలకి ఆనిన చెయ్యి రామలక్ష్మి పాదానికి తగిలింది.

ఆ పిల్ల కదల్లేదు. పగలు నిద్రపోవే తల్లీ అని బతిమాలితే పెరడంతా తిరిగే పిల్ల. అరికాలు ముట్టుకుంటే కిలకిల్లాడే పిల్ల. ఇది వేషం కాదు.

అక్కడ పైడితల్లి బుర్ర ఆగి, మెల్లగా, చాలా కష్టంగా ఒక ఆలోచన చేసింది. బాలింతకి గాలి సోకింది, సరే. ఈ గుంట బాలింత కాదే. దీనికేమైంది? నేను బాలింతని కాను, నాకెందుకు వాంతయింది? పెరట్లోకి పోతే తల తేరింది. గదిలోకి వస్తే మళ్ళీ తిరుగుతోంది. చంపేది బయట లేదు, ఇక్కడుంది. ఈ గదిలోనే ఉంది. దాన్ని లోపల పెట్టి గడియ వేసింది తనే.

గాలిలోకి తెస్తే చస్తారని ఒట్టేసి చెప్పిన నోరది. ముప్పై ఏళ్ళ నమ్మకం ఒక పక్క, మంచం మీద ఉన్న ఒక్కగానొక్క కూతురు ఒక పక్క. తప్పయితే ఈసారి కూడా తనే చంపినట్టవుతుంది. పైడితల్లి ఏడుస్తూ లేచి వరండా వైపు వాకిలి తలుపు బార్లా తీసేసింది.

ముందు పసివాణ్ణి చాపతో సహా ఎత్తి వరండాలో పెట్టింది. రామలక్ష్మిని రెక్కలు పట్టి ఈడ్చింది. చిన్నమ్మిని మోసే శక్తి లేదు. మంచం మీది నుంచి బొంతతో కిందికి లాగి, ఆ బొంతనే పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, మధ్యలో రెండుసార్లు కూలబడి, గుమ్మం దాటించింది. చలిగాలి వచ్చి కూతురి మొహాన్ని, మెడని, దూది ఊడిపోయిన చెవుల్ని తాకింది. పైడితల్లి ఆ గాలికి అడ్డం వెళ్ళలేదు.

"బుల్లమ్మా, లెగిసి రాయే" అని అరిచింది.

మబ్బులో కందకం మసక గీతలా ఉంది. అందులోంచి నవ్వులు మాత్రం వచ్చాయి. డ్రిల్లులో కొందరు దెబ్బలు తగిలిన వేషం వెయ్యాలి, మిగతావాళ్ళు కందకంలోంచి కదలకూడదు. ఇన్నాళ్ళూ గడప దాటని అత్తగారు ఈరోజు ఇంటిల్లిపాదినీ వేసుకుని వేషం కట్టిందని అందరూ సంబరపడిపోయారు.

"అబ్బో, ముసిల్ది ఏటి కడతన్నాదిరా" అన్నారెవరో.

"ఆ గుంట మళ్ళీ తెలివి తప్పింది. బెల్లం తేండి" అని బుల్లమ్మ పకపకా నవ్వింది.

భీమారావు కందకం అంచున నిలబడి ఉన్నాడు. తన ఇల్లు డ్రిల్లుకి వచ్చిందని అతని మొహం వెలిగిపోయింది. "స్ట్రెచర్లు వస్తాయి, అందాకా ఎవులూ లెగొద్దు" అని అందరికీ చెప్పి ఈల నోట్లో పెట్టుకున్నాడు.

పైడితల్లి వరండా దిగి వచ్చింది. తల మీద ముసుగు లేదు, తలుపు చాటు లేదు, మధ్యలో పిల్ల లేదు. అల్లుడి ఎదట నిలబడి అతని కళ్ళలోకి చూసింది.

"బాబూ భీమారావూ, ఇది ఆట కాదు. నా పిల్ల సచ్చిపోతన్నాది. రా."

కందకంలో నవ్వు ఆగిపోయింది. ఏడేళ్ళలో అత్తగారు తనతో అన్న మొదటి మాట అది. ఆవిడ చెప్పిన సంగతి కన్నా ముందు, ఆవిడ చెప్పడమే అతనికి సంగతి తెలిపింది. ఈల జారిపోయింది. పరిగెత్తుకొచ్చి పెళ్ళాం పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. పడ్డాడు గానీ చేతులు కొయ్యబారిపోయాయి. ఇరవై మందికి చెప్పిన పాఠంలో ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. "సిన్నమ్మీ, సిన్నమ్మీ" అని పిలుస్తున్నాడు, అంతే.

"ముందు గాలిలోకి తేవాలన్నావు. తెచ్చేను" అంది పైడితల్లి. "ఊపిరి సూడమన్నావు. సూడు. లేకపోతే ఊదమన్నావు."

అతను చెంప ఆనించి చూశాడు. ఊపిరి ఉందో లేదో తెలియనంతగా ఉంది, మధ్య మధ్య ఆగిపోతోంది. ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊదాడు. లైనంతా చూస్తోంది, అతనికి ఎవరూ కనబడలేదు. పైడితల్లి పసివాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. పుట్టగానే ఏడవని పిల్లల్ని ఎందరినో ఏడిపించిన మనిషి, ఆ పనికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. చిన్న నోటినీ ముక్కునీ కలిపి నోట్లో పెట్టుకుని బుగ్గలో పట్టేంత గాలి మాత్రమే ఊదింది. ఆగింది. మళ్ళీ ఊదింది. నీకింకా పేరైనా పెట్టలేదురా అని మనసులో మొత్తుకుంది. బుల్లమ్మ ఏడుస్తూ రామలక్ష్మిని పక్కకి తిప్పి పట్టుకుంది. ఆ పిల్ల ముందుగా కక్కుకుని, కళ్ళు తెరిచి, అంతమంది తనని చూడడం చూసి బెంబేలెత్తింది.

పసివాడు పిల్లి కూనలా ఒక్క కూత కూశాడు. కాసేపటికి ఇంకోటి. అప్పుడు చిన్నమ్మి గుండెల నిండా ఒక ఊపిరి లాగి మూలిగింది. వేషగాళ్ళ కోసం మలుపులో నిలబెట్టిన అంబులెన్సు అసలైనవాళ్ళని ఎక్కించుకుని వెళ్ళింది.

ఆస్పత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. గండం తప్పిందని ఒడియా డాక్టరు చెప్పేసరికి మర్నాటి పొద్దు పొడిచింది. వరండా బల్ల మీద అత్తా అల్లుడూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. డాక్టరు చెప్పినదంతా భీమారావు ఆవిడకి తెలుగులో చెప్పాడు. బొగ్గుల కుంపటి మూసిన గదిలో ఉంటే విషగాలి పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల నొస్తుంది, వాంతి వస్తుంది, ఆ తరవాత హాయిగా నిద్ర పడుతుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది. తలుపులు తియ్యడం, మనిషిని బయటికి తేవడం, చెయ్యాల్సింది అదే.

"కాగితాలు అతికించింది నేనే అత్తా" అన్నాడు.

"కుంపట్లు ఎట్టింది నాను."

పైడితల్లి చేతిలో కొంగు నలుపుకుంటూ నేల చూస్తోంది.

"బాబూ, డాకటరుగారిని ఒక మాటడుగు" అంది చివరికి. "మూడు దినాలు మూసేసి, కుంపటెట్టి, మద్దిలో ఒకపాలి తలుపు తీస్తే, ఆ గాలికి సస్తారా అని."

ఎవరి గురించో భీమారావుకి తెలుసు. డాక్టరు ఏమంటాడో కూడా తెలుసు. అడక్కుండా తనే ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. కానీ ఆవిడ మొహం చూశాక అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. లోపలికి వెళ్ళి అడిగి వచ్చాడు.

"గాలికి కాదంట అత్తా. తీసినప్పుడే బతకడానికి దారంట. తీసే ఉంచితే..." అని ఆగిపోయాడు.

పైడితల్లి తలుపు తీసినందుకు పన్నెండేళ్ళు ఏడ్చింది. ఇప్పుడు మళ్ళీ మూసినందుకు మొదటినుంచీ ఏడవాలి. ఆ బల్ల మీదే, అల్లుడి ఎదటే, పెద్దమ్మిని పేరు పెట్టి పిలుస్తూ గట్టిగా ఏడ్చింది.

వార్డులోంచి నర్సు పిలిచింది. చిన్నమ్మికి పూర్తిగా తెలివి వచ్చింది. పక్కలో పసివాడు పాలు తాగుతున్నాడు. తెల్లారగానే ఎవరో కిటికీ రెక్కలు తీసినట్టున్నారు, కొండ మీది గాలి మంచం దాకా వస్తోంది. కళ్ళు ఎర్రగా ఉబ్బిన తల్లిని చూసి చిన్నమ్మికి ఏమీ అర్థం కాలేదు. చిన్నప్పటినుంచీ విన్న మాటే నోటికి వచ్చింది.

"అమ్మా, గాలొస్తన్నాది. కిటికీ ముయ్యవా?"

భీమారావు అలవాటుగా లేచాడు. పైడితల్లి అతని చెయ్యి పట్టి ఆపింది. కంబళి తీసి కూతురి మెడ దాకా కప్పింది, పసివాడి వీపు చుట్టూ చెక్కింది. తరవాత వెళ్ళి, సగం తెరిచి ఉన్న రెండో రెక్కని కూడా పూర్తిగా తోసింది.

"రానియ్యే అమ్మీ" అంది. "గాలి రానియ్యి."